అనుమతి లేకుండా

ఆదివారం పొద్దున ఏడు గంటలకు రాజ్‌మోహన్ కొడుకు చేసిన యంత్రాన్ని వరండాలోంచి ఎత్తి కారు డిక్కీలో పెట్టాడు. కొడుకు మదన్ మేడ మీద నిద్రపోతున్నాడు.

యంత్రం పదకొండు కిలోలు ఉంటుంది. కొబ్బరికాయ పీచు ఒలవడానికి చేసింది. మూడు ఇనుప గొట్టాల కాళ్ళు, వాటి మీద పక్కపక్కనే రెండు ఇనుప ముక్కులు, ఒక పిడి. కాయను ముక్కుల మీద గుచ్చి పిడి లాగితే ముక్కులు విడిపోతాయి, పీచు చీలుతుంది. మదన్ చదివే ఇంటర్నేషనల్ స్కూల్లో పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ తమకు నచ్చిన పని ఒకటి ఎంచుకుని, నెలల తరబడి సొంతంగా చేసి, ఎలా చేశారో రిపోర్టు రాసి ఇవ్వాలి. దాన్ని పర్సనల్ ప్రాజెక్టు అంటారు. అది లేకపోతే సర్టిఫికెట్టు రాదు. సర్టిఫికెట్టు లేకపోతే అదే స్కూల్లో పదకొండో తరగతి సీటు లేదు.

రంజని కాఫీ టంబ్లరుతో బయటికి వచ్చి డిక్కీలోకి చూసింది.

"ఏమండీ, దాన్ని యాడికి తీస్కపోతుండారు?"

"షెడ్డుకి."

"వాడికి చెప్పినారా?"

"లేచినాక చెప్తాము. వెల్డింగు చూసినావా? కాకి రెట్ట వేసినట్టుండాది. శనివారం ఎగ్జిబిషన్‌కి కోయంబత్తూరులో సగం మంది వస్తారు. పంపులు చేసేవాడి కొడుకు చేసింది ఇదేనా అంటారు."

"నాలుగు నెల్లు చేసినాడు వాడు."

"నాలుగు నెల్లు చేసీ ఇట్లుండాది."

రంజని టంబ్లరు అతని చేతికిచ్చింది. అతను నిలబడే తాగి, టంబ్లరు గోడ మీద పెట్టి, కారెక్కాడు.

షెడ్డు సూలూరు దాటాక రోడ్డు మీదే ఉంది. మోటారు పంపుల షాఫ్టులు, బుష్‌లు చేస్తారు. ఆదివారం సెలవు. అయినా అయ్యసామి వస్తాడు. వారమంతా తిరిగిన లేతు మిషన్లను ఆరోజు తుడిచి, నూనె పెట్టి, బెల్టులు చూసుకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోతాడు. అతను అక్కడ లేతు మీద పనిచేసే టర్నరు. రాజ్‌మోహన్ తండ్రి ఉన్నప్పుడు చేరాడు. రాజ్‌మోహన్‌కు లేతు నేర్పింది అతనే. పదిమందిలో యజమాని అనే అర్థంలో 'మొదలాళి' అని పిలుస్తాడు, ఇద్దరే ఉంటే తమ్ముణ్ణి పిలిచినట్టు 'తంబి' అంటాడు. రాజ్‌మోహన్ ఎప్పుడూ 'మామా' అనే పిలుస్తాడు. వాళ్ళిద్దరి ఇళ్ళలోనూ తెలుగే.

అయ్యసామి యంత్రాన్ని బెంచీ మీద పెట్టి, వెల్డింగు మీద బొటనవేలు నడిపించాడు. పిడి పట్టుకుని రెండుసార్లు లాగాడు.

"పిల్లాడే చేసినాడా?"

"ఆ."

"బాగుండాదే."

"ఏం బాగుండాది మామా? ఒక కాలు ఆడుతుండాది."

"నువ్వు మొదటిసారి చేసిన స్టూలు మీద మీ నాయిన కూచుంటే ఏమైందో గుర్తుండాదా? ఇది ఆడతాదే గాని పడదు." అయ్యసామి నవ్వాడు. ముక్కుల దగ్గర చెయ్యి పెట్టి నేల నుంచి ఎత్తు చూశాడు. "ఎత్తు తక్కువుండాది. దేనికో?"

"తెలీక కోసుంటాడు. కాళ్ళు తీసేయి. మన వైస్ బెంచీ ఎత్తు పెట్టు, ఎనభై నాలుగు సెంటీమీటర్లు."

"వాణ్ణి ఒక మాట అడిగి చేస్తామా?"

"నేను చెప్తుండాను కదా మామా."

అయ్యసామి కటింగ్ మిషన్ దగ్గరికి వెళ్ళాడు. పాత కాళ్ళను కోసి తుక్కు డబ్బాలో వేశాడు. కొత్త గొట్టం మూడు ముక్కలు తీసి, చివర్లు గ్రైండరుతో సాపు చేశాడు. పిడి తిరిగేచోట మదన్ ఒక బోల్టు మాత్రం బిగించి వదిలేశాడు. అయ్యసామి గన్‌మెటల్ రాడ్డు తీసి లేతులో పట్టించి, బోల్టు అరగకుండా దాని చుట్టూ తొడిగే బుష్ చేశాడు. రాజ్‌మోహన్ చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనియనుతో నిలబడి, మూలమట్టం పెట్టి కాళ్ళు పట్టుకున్నాడు. అయ్యసామి వెల్డింగు చేశాడు. అతుకులు సమంగా పడ్డాయి. మధ్యాహ్నం పక్క కొట్టు నుంచి టమాటా అన్నం పొట్లాలు తెప్పించుకుని నేల మీద కూర్చుని తిన్నారు. ఇలా ఇద్దరే ఒక పని చేసి చాలా ఏళ్ళయింది. నాలుగు గంటలకు పంపులకు కొట్టే నీలం రంగే దానికీ కొట్టారు. పిడి ఒక వేలుతో లాగితే కదిలింది.

"ఇప్పుడు చూడు," అన్నాడు రాజ్‌మోహన్.

"అంగట్లో కొన్నట్టుండాది," అన్నాడు అయ్యసామి.

సోమవారం పొద్దున మదన్ యూనిఫామ్‌లో కిందికి దిగి వరండాలో ఆగిపోయాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కుల మీద అరచెయ్యి ఉంచాడు. ఆ చెయ్యి ఇదివరకటి కంటే బెత్తెడు ఎత్తులో ఉంది.

"ఇది నాది కాదు నైనా."

"నీదే. కొంచెం సరిచేసినాము."

"నా కాళ్ళు యాడ?"

"తుక్కులో. వాటితో ఏం పని నీకి?"

"లేదు నైనా, ఎత్తు..."

గేటు దగ్గర స్కూలు బస్సు హారన్ కొట్టింది. రాజ్‌మోహన్ జేబులోంచి స్టిక్కరు తీశాడు. మదన్ పేరు, క్లాసు, ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో అచ్చు వేయించి ఉంచాడు. దాన్ని కొడుక్కి ఇచ్చాడు. మదన్ స్టిక్కరునూ యంత్రాన్నీ మార్చి మార్చి చూశాడు. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. వాడు వంగి స్టిక్కరు అంటించి, గాలి బుడగ లేకుండా గోటితో నొక్కాడు. యంత్రాన్ని ఇద్దరూ చెరొక పక్కా పట్టుకుని బస్సెక్కించారు.

బుధవారం స్కూలు నుంచి ఫోను వచ్చింది. మూడు గంటలకు రమ్మన్నారు.

ప్రాజెక్టులు చూసే కోఆర్డినేటరు పేరు అభిరామి. నలభై దాటి ఉంటాయి. నూలు చీర కట్టుకుని, మెడలో స్కూలు కార్డు వేసుకుంది. ఆమె వెనక గోడ మీద, విద్యార్థి ఎలా ఉండాలో చెప్పే పది మాటలు ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితాలు వరసగా అంటించి ఉన్నాయి. మదన్ అప్పటికే ఒక కుర్చీలో ఉన్నాడు. యంత్రం గది మధ్యలో నేల మీద ఉంది. పక్కన టేపు.

ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి తమిళంలోకి మారింది. మదన్ నాలుగు నెలలుగా రాస్తున్న నోటుపుస్తకం తెరిచి, ఒక పేజీ రాజ్‌మోహన్ వైపు తిప్పింది. పెన్సిలు బొమ్మ, కొలతలు.

"కినత్తుకడవులో మీ మామగారి తోటలో వీరమ్మాళ్ అని ఒకామె కాయలు ఒలుస్తుందట," అంది. "నేలలో పాతిన ఇనుప కమ్మీ మీద రోజంతా వంగి పనిచేస్తుంది. కుడి భుజం లేవదు. మదన్ రెండు శనివారాలు అక్కడికి వెళ్ళి ఆమెను కొలిచాడు. మోచేయి నేలకు తొంభై ఒక్క సెంటీమీటర్లు. కాయ పొడుగు ఇరవై. అందుకని ముక్కుల ఎత్తు డెబ్బై ఒకటి. ఇక్కడ రాశాడు. ఫొటో కూడా ఉంది." ఆమె టేపు చూపించింది. "నిన్న ఇది కొలిచాను. ఎనభై నాలుగు."

రాజ్‌మోహన్ బొమ్మ వైపు చూశాడు. కమ్మీ పక్కన నిలబడ్డ ఒక మనిషి, తల మీద ముసుగు. మోచేతి దగ్గర ఒక గీత, గీత పక్కన అంకె. అతను ఈ పుస్తకం ఇంతకుముందు చూడలేదు.

"ఎందుకు మారింది మదన్?" అని అడిగింది.

మదన్ తల వంచుకున్నాడు. ఆమె ఎదురుచూసింది.

రాజ్‌మోహన్ ముందుకు వంగాడు. "మేడమ్, వాడికి తెలియదు," అన్నాడు తమిళంలో. "రంగు వేయమని షెడ్డులో ఇచ్చాను. మా దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. తనంతట తనే కాళ్ళు మార్చేశాడు. పనివాళ్ళు కదా. వాళ్ళకు ఈ రూల్సు ఏం తెలుస్తాయి?"

మదన్ తల ఎత్తి తండ్రి వైపు చూశాడు. తర్వాత చేతుల వైపు చూసుకున్నాడు.

"ఆయనంతట ఆయనే?"

"అవును మేడమ్."

ఆమె పెన్ను క్యాప్ పెట్టి తీసింది. అలాగైతే విద్యార్థి తప్పు లేదని, పాత కొలతలతో, ఫొటోలతో రిపోర్టు ఇవ్వొచ్చని చెప్పింది. కాని ఆ మనిషి వచ్చి తన నోటితో చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాలి. శుక్రవారం పదకొండు గంటలకు.

"వస్తాడా?"

"నేను చెప్తే వస్తాడు," అన్నాడు రాజ్‌మోహన్.

ఇద్దరూ కారులో ఇంటికి వచ్చారు. ఇంటి దగ్గర మదన్ దిగి తలుపు వేశాడు. గట్టిగా వెయ్యలేదు. మామూలుగానే వేశాడు.

గురువారం పొద్దున షెడ్డులో పన్నెండు మంది పనిలో ఉన్నారు. అయ్యసామి షాఫ్టు తిప్పుతున్నాడు. ఇనుము చుట్టలు చుట్టలుగా లేచి ట్రేలో పడుతోంది. రాజ్‌మోహన్ పక్కన నిలబడి, కోత చివరిదాకా వెళ్ళేవరకు ఆగాడు. అయ్యసామి మిషన్ ఆపి, మైక్రోమీటరు పెట్టి చూసి, వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

రాజ్‌మోహన్ గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు. అయ్యసామి వింటూ వేలి సందుల్లో నూనె తుడుచుకున్నాడు.

"నేనే చేసినానని చెప్పాల. అంతే కదా?"

"చేసింది నువ్వే కదా మామా."

"చేతులు నావే." గుడ్డ మడత పెట్టాడు. "నువ్వు చెప్పలేదని కూడా చెప్పాల."

"ఆ."

"పిల్లాడికి తెలీదని."

"ఆ."

"చెప్పకపోతే పిల్లాడి సీటు పోతాదా?"

"పోతాది."

"సరి." అయ్యసామి షాఫ్టు తీసి ఇంకొకటి పెట్టాడు. "తెల్ల చొక్కా వేసుకుని రావాల్నా?"

రాజ్‌మోహన్ నవ్వాడు. అయ్యసామి నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

రాత్రి భోజనం దగ్గర రంజని, "మామ ఒప్పుకున్నాడా?" అంది.

"ఒప్పుకున్నాడు."

"మీరు అడిగితే ఆయన యాడ కాదంటాడు," అని చారు వడ్డించింది. మదన్ తినడం ఆపి లేచాడు. అన్నం సగం అలాగే ఉంది. రంజని వాణ్ణి పిలవలేదు.

శుక్రవారం అయ్యసామి తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా విడలేదు. షెడ్డు నుంచి స్కూలుకు కారులో ఇరవై నిమిషాలు. గేటు దగ్గర రిజిస్టరులో ఇద్దరి పేర్లు రాయించుకుని, 'విజిటర్' అని ఉన్న పట్టీలు మెడలో వేసుకోమన్నారు. అయ్యసామి పట్టీ సర్దుకున్నాడు. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. అభిరామి లేచి వచ్చి, చెప్పులు వేసుకునే రావచ్చని తమిళంలో చెప్పింది. పరవాలేదని అతను వట్టికాళ్ళతోనే లోపలికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. మదన్‌ను క్లాసు నుంచి పిలిపించారు. వాడు గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

అభిరామి కాగితం ముందు పెట్టుకుంది. తమిళంలో అడుగుతూ, జవాబులు రాసుకుంటూ వెళ్ళింది. పేరు. వయసు. ఎన్నేళ్ళుగా పని. కాళ్ళు మార్చింది ఎవరు.

"నేనే అమ్మా."

"ఎత్తు మార్చమని ఎవరు చెప్పారు?"

అయ్యసామి యంత్రం వైపు చూశాడు.

బయటివాళ్ళ ముందు తమ మాటలో మాట్లాడుకోవడం రాజ్‌మోహన్ ఇంట్లో తాతల నాటి అలవాటు. బేరం దగ్గర, డాక్టరు దగ్గర, బ్యాంకులో, పెళ్ళిచూపుల్లో, ఎదుటివాళ్ళకు తమిళం, తమలో తమకు తెలుగు. తలుపు వెయ్యకుండానే తలుపు వేసుకున్నట్టు. దానికి ఆలోచించాల్సిన పని లేదు. రాజ్‌మోహన్ కాలు మీద కాలు వేసుకుని, వాన గురించి మాట్లాడుతున్న ముఖంతో అన్నాడు:

"ఎవరూ చెప్పలేదను మామా."

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు అయ్యసామి తమిళంలో.

ఆమె రాసుకుంది. "అంటే యజమాని అనుమతి లేకుండా?"

అయ్యసామి యంత్రం వైపే చూస్తున్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. గోళ్ళ చుట్టూ నలుపు, ఎంత తోమినా పోనిది.

"అవునని చెప్పు," అన్నాడు రాజ్‌మోహన్ తెలుగులో. "అనుమతి లేకుండా చేసినాను, తప్పయిపోయింది, మన్నించండి అను. రెండు చేతులూ ఎత్తి ఒక దండం పెట్టు, అయిపోతాది. ఈమెకేం తెలుస్తాది."

"ముప్పై నాలుగేండ్లు తంబి." అయ్యసామి కూడా తెలుగులోనే అన్నాడు, యంత్రం మీంచి చూపు తియ్యకుండా. "అడక్కుండా ఒక్క పని మీద చెయ్యి వెయ్యలేదు నేను. అది నీకి తెలుసు."

"తెలుసు మామా. ఇప్పుడు అదా ముఖ్యం? పిల్లాడి కోసం చెప్పు."

అయ్యసామి మదన్ వైపు చూశాడు. మదన్ బూటు లేసు విప్పి మళ్ళీ కడుతున్నాడు. అయ్యసామి కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"అనుమతి లేకుండా చేశానమ్మా. తప్పయిపోయింది. పిల్లవాణ్ణి ఏమీ అనకండి," అన్నాడు తమిళంలో.

అభిరామి రాయడం లేదు. ఎప్పుడు ఆపిందో రాజ్‌మోహన్ గమనించలేదు. ఆమె పెన్ను టేబులు మీద పెట్టింది. కాగితాన్ని బోర్లించింది.

"చెయ్యి దించండి పెద్దయ్యా," అంది. "కూచోండి."

తెలుగులో అంది.

అయ్యసామి చేతులు కొంచెంసేపు అలాగే ఉన్నాయి. తర్వాత కూర్చున్నాడు. రాజ్‌మోహన్ కాలు మీంచి కాలు తీసి కింద పెట్టాడు. ఆ గదిలో ఇంతసేపూ తను అన్న మాటలన్నీ అతనికి ఒకటొకటిగా వినిపించాయి. బుధవారం తమిళంలో అన్నవి కూడా. 'పనివాళ్ళు కదా.'

"మాది కోవిల్‌పట్టి పక్క పల్లె," అంది ఆమె. ఆమె తెలుగుకు దక్షిణపు యాస ఉంది. "మా ఇంట్లో ఇదే మాట. మీవాడు చేరినప్పుడు ఇచ్చిన ఫారంలో ఇంటి భాష అని ఒక గడి ఉండింది సార్. అందులో మీరు ఇంగ్లీషు అని రాసినారు, దాని కింద తమిళం అని రాసినారు."

రాజ్‌మోహన్‌కు ఆ ఫారం గుర్తుంది. గుర్తులేదన్నట్టు చూశాడు. ఆ చూపు ఎంతోసేపు నిలబడలేదు.

"మేడమ్, నేను..."

"ఇంకొక మాట. ఈ ప్రాజెక్టులో మార్కులు యంత్రానికి లేవు. రిపోర్టుకే. కాలు ఆడిందనుకోండి, ఎందుకు ఆడిందో, దానికి వాడేం చేసినాడో రాస్తే దానికి మార్కు. పోయిన జూన్లో తల్లిదండ్రుల మీటింగులో చెప్పినాను. మీరు ముందు వరసలో కూచోని ఉంటిరి."

అతను ఆ మీటింగులో ఉన్నాడు. ఫోనులో రెండు కొటేషన్లకు జవాబులు పంపాడు.

ఆమె సొరుగు తీసి కొత్త కాగితం ఒకటి అతని ముందు పెట్టింది. దాని మీద తన పెన్ను పెట్టింది.

"చేయించినవాళ్ళు రాయాల. ఏ భాషయినా సరే." మదన్ వైపు తిరిగింది. "నువ్వూ రాయాల. తెలిసి పేరు అంటించుకున్నావు. రిపోర్టులో అది ఉండాల. రేపు ఎగ్జిబిషన్లో నీ టేబులు ఉండదు. రిపోర్టుకి ఇంకా పన్నెండు రోజులు ఉండాది. తర్వాత ఏమనేది ప్రిన్సిపాల్ చూస్తారు, నేను ఇప్పుడు చెప్పలేను."

"సరి మిస్," అన్నాడు మదన్. బుధవారం నుంచి రాజ్‌మోహన్ వాడి గొంతు వినడం అదే మొదటిసారి.

రాజ్‌మోహన్ తమిళంలో రాయడం మొదలుపెట్టాడు. 'మా షెడ్డులో పనిచేసే మనిషి' అని రాశాడు. దాన్ని కొట్టేసి 'అయ్యసామి' అని రాశాడు. అతను రాస్తున్నంతసేపూ అవతల ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"మీ ఊరేది పెద్దయ్యా?"

"సాత్తూరు దాటి పోవాలమ్మా. రెండెకరాలు ఉండాది. తమ్ముడు చేస్తుండాడు."

"ఈ ఏడు పత్తి వేసినారా?"

"మినుములు వేసినాడు. వాన రావాల్సినప్పుడు రాలేదు, కోసేటప్పుడు వచ్చింది."

"మా నాయిన కూడా అదే చెప్పె. వానకి మన ఊరంటే ఏం పగో."

అయ్యసామి నవ్వాడు. ఆమె ఫ్లాస్కులోంచి కప్పులో టీ పోసి అతనికి ఇచ్చింది. కాయ ఒలిచే పని తమ పక్క లేదని, ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చూపమని అడిగింది. అతను కప్పు పక్కన పెట్టి, లేచి, పిడి లాగి చూపించాడు. ముక్కులు విడిపోయాయి.

"పని బాగుండాది," అంది.

"పని బాగుండాది," అన్నాడు అయ్యసామి. "ఎత్తే తప్పు."

రాజ్‌మోహన్ తొమ్మిది వరసలు రాశాడు. చివర సంతకం పెట్టి, తేదీ వేశాడు. ఆమె చదివి మడిచి ఫైల్లో పెట్టింది. ఇంకేమీ అనలేదు. లేచి అయ్యసామికి నమస్కారం పెట్టింది. రాజ్‌మోహన్‌కు తల పంకించింది.

మదన్‌కు ఆ పూట సెలవు ఇచ్చారు. యంత్రాన్ని తీసుకుపొమ్మన్నారు. డిక్కీలో పెట్టడానికి రాజ్‌మోహన్ ఒక పక్క పట్టుకోబోయాడు. అప్పటికే రెండో పక్క అయ్యసామి పట్టుకుని ఉన్నాడు, మొదటి పక్క మదన్. రాజ్‌మోహన్ డిక్కీ తలుపు ఎత్తి పట్టుకున్నాడు.

స్కూలుకు వచ్చేటప్పుడు అయ్యసామి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు రాజ్‌మోహన్ ఆ తలుపు తెరిచాడు. అయ్యసామి వెనక తలుపు తెరుచుకుని మదన్ పక్కన కూర్చున్నాడు. రాజ్‌మోహన్ తలుపు మూసి, చుట్టూ తిరిగి వచ్చి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

గేటు దాటి రెండు కిలోమీటర్లు వచ్చాక అడిగాడు.

"ఆ మిస్‌కి తెలుగు వస్తాదని నీకి తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిదో క్లాసు నుంచి. నాతో మాట్లాడతారు."

ముందు ఒక లారీ నూలు కోన్లతో పోతోంది. రాజ్‌మోహన్ దాటలేదు, దాని వెనకే పోయాడు.

"మరి నాకి ఎందుకు చెప్పలేదు? లోపల కూచున్నప్పుడైనా?"

మదన్ కిటికీలోంచి చూస్తున్నాడు.

"మీరే ఆపుతారని చూస్తా ఉంటిని," అన్నాడు మదన్.

సూలూరు దగ్గరపడింది. విమానం ఒకటి కిందుగా పోయింది. ఎవరూ పైకి చూడలేదు. వెనక సీట్లో మదన్ గొంతు తగ్గించి అన్నాడు:

"తాతా, ఆ కాళ్ళు కోస్తే మళ్ళీ డెబ్బై ఒకటి వస్తాదా?"

"వస్తాది. పదమూడు సెంటీమీటర్లు పోతాది, అంతే. అయితే కోసినచోట ఎగుడుదిగుడు అవుతాది. అడుగు భాగం మళ్ళీ సాపు చెయ్యాల."

"నేనే కోస్తాను."

"నువ్వే కొయ్యి."

"వెల్డింగు కూడా ఊడదీసి నేనే వేస్తాను. ఆడితే ఆడనీ."

"ఆడితే ఎందుకు ఆడిందో రాస్కో. దానికి మార్కంట కదా."

మదన్ నవ్వాడో లేదో రాజ్‌మోహన్‌కు అద్దంలో కనిపించలేదు. అద్దంలో కనిపించేది తెల్ల చొక్కా, దాని మీద మెడలో ఇంకా వేలాడుతున్న విజిటర్ పట్టీ. తిరిగి ఇవ్వడం ముగ్గురూ మరిచిపోయారు.

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. రాజ్‌మోహన్ కారు ఆపాడు. అయ్యసామి ముందుకు వంగాడు. రెండు సీట్ల మధ్య నుంచి అతని చెయ్యి వచ్చింది. చేతిలో షెడ్డు తాళంచెవి, నల్లదారంతో. అది రాజ్‌మోహన్ తండ్రి అతని చేతికిచ్చింది. అప్పటి నుంచి పొద్దున షెడ్డు తెరిచేది అతనే, సాయంత్రం మూసేది అతనే.

"ఇది నువ్వు పెట్టుకో తంబి."

"ఏంది మామా ఇది?"

"పెట్టుకో." తాళంచెవిని గేరు పక్కన గాడిలో పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎల్లుండి ఆదివారం పిల్లాడు షెడ్డులో పని చేసుకోవాలంటాడు. నేను పక్కన నిలబడి చూస్తాను, చెయ్యి వెయ్యను. కటింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు కావాల. కరెంటు ఒక మూడు గంటలు అవుతాది. నీ అనుమతి ఉండాదా?"

"నన్ను అడగాల్నా మామా నువ్వు?"

"అడగాల కదా."

రాజ్‌మోహన్ తల ఊపాడు.

"తల ఊపితే వెనక్కి కనపడదు తంబి," అన్నాడు అయ్యసామి. "నోటితో చెప్పు. పిల్లాడు కూడా వింటాడు."

పచ్చదీపం పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది. రాజ్‌మోహన్ అద్దంలోకి చూశాడు. బస్సువాడు మళ్ళీ కొట్టాడు.

"ఉండాది," అన్నాడు.